ఒక మూలతో మొదలుపెడదాం

ఒక మనిషి ఇంట్లో ఎన్ని వస్తువులు పట్టగలవు? ఈ ప్రశ్నకు జవాబుగా హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఇల్లు ఉండేది. అదే దివాన్ దేవిడీ. మూడో సాలార్‌జంగ్‌గా చరిత్రకెక్కిన మీర్ యూసుఫ్ అలీఖాన్ నివాసం. 1889లో పుట్టిన ఆయన 1912లో, ఇరవై మూడేళ్ల వయసులోనే నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రి అయ్యారు. 1914లో ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత ఆయన జీవితమంతా వస్తువుల సేకరణే. ఎక్కడెక్కడి వ్యాపారులో ఆయన అభిరుచి తెలుసుకుని సరుకుతో గుమ్మం ముందు నిలబడేవారు. బొమ్మలు, గడియారాలు, కత్తులు, తివాచీలు, పింగాణీ పాత్రలు, పుస్తకాలు, చేతిరాత ప్రతులు... ఇది కొనాలి, అది కొనకూడదు అన్న హద్దు లేదు. తాతగారైన మొదటి సాలార్‌జంగ్ నాటి నుంచి ఇంట్లో ఉన్నవాటికి ఇవన్నీ తోడయ్యాయి.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. నేరుగా వారసులు లేరు. ఒక్క దేవిడీలోనే కాదు, ఆయనకున్న వేర్వేరు భవనాల్లో ఎక్కడ పడితే అక్కడ వస్తువులు మిగిలిపోయాయి. వాటినేం చేయాలి? అప్పటి హైదరాబాద్ రాష్ట్ర పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఆ వస్తువులన్నిటినీ ఒక మ్యూజియంగా తీర్చిదిద్దాలని సంకల్పించి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు ఆ పని అప్పగించారు. కజిన్స్ మనకు కొత్తవాడేం కాదు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె కాలేజీలో చాలాకాలం పనిచేసిన ఐరిష్ కవి. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ ‘జనగణమన’కు ఇంగ్లిష్ అనువాదం రాసింది ఆయన ఆతిథ్యంలో ఉన్నప్పుడే.

ఎవరికీ లెక్క తెలియని సామాన్ల మధ్య నుంచి మ్యూజియం పుట్టింది. 1951 డిసెంబర్ 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని దివాన్ దేవిడీలోనే ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫాలో కట్టిన ఇప్పటి భవనంలోకి మారింది. నలభై వేలకు మించిన కళావస్తువులు అక్కడున్నాయి. గంట కొట్టే వేళకు బొమ్మ మనిషి బయటికొచ్చే గడియారం ముందు పిల్లలు ఈనాటికీ నోళ్లు తెరుచుకుని నిలబడతారు. మన క్రైస్తవ కుటుంబాలు ఆగి చూసే శిల్పం ఇంకొకటుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘ముసుగు రిబ్కా’. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్లినప్పుడు కొన్నది. ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయంలో ఇస్సాకు ఎదురొస్తుండగా ముసుగు వేసుకున్న ఆ అమ్మాయి ముఖం పాలరాయిలోంచే పల్చగా కనిపిస్తుంది.

ఆ రిబ్కా చుట్టూ ఖాళీ జాగా ఉంది కాబట్టే మనం ఆమెను చూడగలుగుతున్నాం. అదే శిల్పం నాలుగు బీరువాల వెనక, తివాచీల చుట్టల మధ్య ఉంటే? ఉన్నా లేనట్టే. సాలార్‌జంగ్ సేకరించిన దాంట్లో సగమే మ్యూజియం దాకా చేరిందని, మిగతాది ఇంట్లో పనివాళ్ల చేతుల్లో కొంత, సామాను తరలించేటప్పుడు కొంత మాయమైందని పాతతరం హైదరాబాదీలు ఇప్పటికీ అనుకుంటారు. అదెంత నిజమో గానీ, ఏది ఎక్కడుందో యజమానికే తెలియని ఇంట్లో వస్తువు పోయినా తెలియదు కదా!

బూటులో దొరికిన వజ్రం

ఈ మాటకు పాతబస్తీలోనే మరో సాక్ష్యం ఉంది. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల అల్మారాను ఇప్పటికీ చూడవచ్చు. అల్మారా అంటే మనింట్లో ఉండేలాంటిది అనుకోవద్దు. భవనంలో ఒక పక్క ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, రెండంతస్తులుగా, చేత్తో తిప్పే చెక్క లిఫ్ట్‌తో సహా కట్టినది. ఆయన తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని చెబుతారు. 1911లో ఆయన చనిపోయాక, కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రి బూటు ముందు భాగంలో ఒక రాయి దొరికిందట. చూడటానికి గాజు ముక్కలా ఉంది. దాన్ని ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నారని కథ. అది 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం! 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో అదీ ఒకటి.

అన్ని బట్టలున్న మనిషి ఇంట్లో వజ్రం బూటులో ఉండిపోయింది. మనింట్లో వజ్రాలు లేకపోవచ్చు. కానీ పిల్లవాడి పదో తరగతి మెమో ఎక్కడుంది? అత్తగారి ఆపరేషన్ రిపోర్టు ఏ సంచిలో ఉంది? గ్యాస్ బుక్కు, ఇంటి పన్ను రసీదు, మంగళసూత్రం కొన్నప్పటి బిల్లు? కావలసినప్పుడు దొరకనిది మన దగ్గర ఉన్నట్టా, లేనట్టా?

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో పది వెండి నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ గురించి ప్రభువు చెప్పాడు. ఆమె చేసిన పనులు చూడండి. దీపం వెలిగించింది. ఇల్లు ఊడ్చింది. దొరికేదాకా వెతికింది. తప్పిపోయిన ఆత్మ కోసం దేవుడు పడే ఆరాటం గురించి ఆ ఉపమానం. అందులో సందేహం లేదు. అయితే అంత పెద్ద సత్యం చెప్పడానికి ప్రభువు ఎంచుకున్నది ఒక పేద ఇల్లాలు, ఆమె చీపురు, మూలలు వెతకాల్సిన ఒక ఇల్లు. ఇల్లు ఊడ్చుకోవడం చిన్నపనే కావచ్చు, ఆయన చూపుకు ఆనని పని మాత్రం కాదు.

మన ముందు గది కథ

పాతబస్తీ గల్లీల్లో మన కుటుంబాల ఇళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే. ఒక గది, ఒక వంటగది. మహా అయితే రెండు గదులు. నలుగురైదుగురు మనుషులు. రాత్రి పడక, పొద్దున పిల్లల చదువు, మధ్యాహ్నం కుట్టుమిషన్, సాయంత్రం చుట్టాలు... అన్నీ ఆ ఒక్క ముందు గదిలోనే. నీళ్లు వచ్చినప్పుడు పట్టుకోవాలి కాబట్టి డ్రమ్ములు తప్పవు. మంచం కింద ట్రంకు పెట్టెలు. సజ్జ మీద పెళ్లినాటి ఇత్తడి బిందెలు, పాడైన మిక్సీ, పోయినేటి క్రిస్మస్ స్టార్, దాని ముందేటి స్టార్ కూడా. తలుపు వెనక కొక్కేలకు వేలాడే బట్టలు తలుపును సగమే తెరవనిస్తాయి. కుర్చీ ఉంటుంది గానీ దాని మీద కూర్చోవడానికి వీలుండదు, మడతపెట్టని బట్టలుంటాయి.

దీనివల్ల ఏం నష్టం అంటారా? ముందుగా ఆరోగ్యం. వాడని డబ్బాలు, పాత టైర్లు, డాబా మీద పడేసిన కుండలు వానకు నిండితే ఆ కాస్త నీరు చాలు, వారం పది రోజుల్లో డెంగీ దోమ పుట్టేస్తుంది. మంచం కింద కాగితాలుంటే ఎలుకలు, బొద్దింకలు. స్విచ్‌బోర్డుకు ఆనుకుని బట్టల మూటలుంటే నిప్పు భయం. 2020 అక్టోబర్ వరదలో హఫీజ్‌బాబానగర్ వైపు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు, నేల మీదున్న ప్రతి మూటా ఒక బరువైంది. సర్టిఫికెట్లు ఏ పెట్టెలో ఉన్నాయో తెలిసినవాళ్లు వాటిని చంకన పెట్టుకుని డాబా ఎక్కగలరు. తెలియనివాళ్లు ఏం చేయగలరు?

ఇక రెండో నష్టం బయటికి చెప్పుకోనిది. “ఈసారి గృహకూడిక మీ ఇంట్లో పెట్టుకుందామా అక్కా?” అని సంఘంలో ఎవరైనా అడిగితే, “వచ్చే నెల చూద్దాంలే అమ్మా” అనేస్తాం. కారణం ప్రార్థన మీద అయిష్టం కాదు, పదిమంది కూర్చోవడానికి చోటు లేదు. పాస్టరుగారు దారినపోతూ తలుపు తడితే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేస్తాం. కూతురి స్నేహితురాలు చదువుకోవడానికి వస్తానంటే కూతురే వద్దంటుంది. ఇలా ఒక్కొక్కరికీ తలుపు మూసుకుపోతుంది. మన ఇంట్లో చోటు తగ్గిందని అనుకుంటాం గానీ, తగ్గుతున్నది మనుషుల రాకపోకలు.

అయితే ఒక మాట. ఇన్ని వస్తువులు దాచుకున్నారని ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. లేమిలో పెరిగిన అమ్మకు ఖాళీ హార్లిక్స్ సీసా కూడా విలువైనదే. మళ్లీ కొనగలమో లేదో అన్న భయమే ప్రతి కవరునూ మడిచి పరుపు కింద పెట్టిస్తుంది. ఐదువేల మందికి రొట్టెలు పంచిన రోజున మిగిలిన ముక్కలు కూడా పాడవకుండా ఏరమన్నది ప్రభువే (యోహాను 6:12). కాబట్టి పొదుపు తప్పు కాదు. కానీ ఆ ముక్కలు పన్నెండు గంపలకెత్తారు, నేల మీద వదిలేయలేదు. ప్రతిదానికీ ఒక గంప ఉన్నప్పుడే అది పొదుపు. అరణ్యంలో రేపటికని మన్నా దాచినవాళ్లకు పొద్దునకల్లా పురుగులే మిగిలాయి (నిర్గమ 16:20). రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. ఏది గంపకెత్తాలో, ఏది వదిలేయాలో తెలుసుకోవడమే వివేకం.

టోబీయా గది

సామాన్లతో నిండిపోయిన ఒక గది గురించి బైబిల్లో స్పష్టంగా రాసి ఉంది. నెహెమ్యా గ్రంథం పదమూడో అధ్యాయంలో ఆ సంగతి కనిపిస్తుంది. యెరూషలేము మందిరపు ఆవరణలో ఒక పెద్ద గది ఉండేది. నైవేద్యాలు, ధూపద్రవ్యం, మందిర పాత్రలు, లేవీయులకూ గాయకులకూ ద్వారపాలకులకూ ఇవ్వాల్సిన ధాన్యం, ద్రాక్షారసం, నూనె దాచే గది అది. నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్లి ఊళ్లో లేని సమయంలో యాజకుడైన ఎల్యాషీబు ఆ గదిని తన బంధువైన టోబీయాకు ఇచ్చేశాడు. టోబీయా సామాను లోపలికి వచ్చింది. గది అసలు పని ఆగిపోయింది. అదే అధ్యాయం ఇంకా ముందుకు చదివితే, తమకు రావాల్సిన పాళ్లు అందక లేవీయులు, గాయకులు పొలాలకు వెళ్లిపోయారని తెలుస్తుంది. ఒక గది నిండిపోతే మందిరంలో పాట ఆగిపోయింది!

తిరిగి వచ్చిన నెహెమ్యా మూడు పనులు చేశాడు. టోబీయా సామానంతా బయట వేయించాడు. గదులు శుభ్రం చేయించాడు. ఆ తర్వాత మందిర పాత్రలను, నైవేద్యాలను, ధూపద్రవ్యాన్ని మళ్లీ వాటి చోటుకు తెప్పించాడు. ముందు తీయడం, తర్వాత శుభ్రం చేయడం, ఆఖరున తగినది మాత్రమే తిరిగి పెట్టడం. ఇల్లు సర్దుకునే ఎవరికైనా ఈ వరుసే మేలు. మనం సాధారణంగా చేసేది వేరు. తీయకుండానే సర్దుతాం. ఆ మూలలోది ఈ మూలకు, మంచం కిందిది సజ్జ మీదికి. రెండు గంటలు కష్టపడితే గదిలో ఒక్క వస్తువూ తగ్గదు, నడుం నొప్పి మాత్రం మిగులుతుంది.

నెహెమ్యాకు సందేహం రాకపోవడానికి కారణం ఒకటే. ఆ గది దేనికోసమో ఆయనకు తెలుసు. మనమూ వస్తువులను ముట్టుకునే ముందు ఇంట్లో అందరం కూర్చుని ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ గది దేనికి? పిల్లలు చదువుకోవడానికా? రాత్రి కుటుంబ ప్రార్థనకా? వచ్చినవాళ్లు కూర్చోవడానికా? జవాబు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఇక చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునూ ఆ కాగితమే పరీక్షిస్తుంది.

చెత్త ఎక్కువ, బలం తక్కువ

అదే నెహెమ్యా అంతకుముందు గోడ కట్టించినప్పుడు పనివాళ్లు ఒక దశలో చతికిలబడ్డారు. శత్రువుల బెదిరింపులు ఉన్నాయి. దానికి తోడు మోసేవాళ్ల బలం తగ్గింది, తీయాల్సిన చెత్త మాత్రం కొండలా ఉంది (నెహెమ్యా 4:10). గదిని చూసి “ఇది నావల్ల కాదు” అని కూలబడ్డ ప్రతి ఇల్లాలి మాటా ఇదే. అయినా గోడ యాభై రెండు రోజుల్లో పూర్తయింది (6:15). ఎలా? మూడో అధ్యాయంలో పేర్ల పట్టిక విసుగ్గా అనిపించి చాలామంది దాటేస్తారు. కానీ రహస్యం అందులోనే ఉంది. ఒకడు ఒక గుమ్మం, పక్కవాడు మరికొంత ముక్క. కొందరు తమ ఇంటికి ఎదురుగా ఉన్నంత మేర, ఒకాయన తన గదికి ఎదురుగా ఉన్నంత మేర మాత్రమే బాగుచేశారు. షల్లూము అనే అధికారి కూతుళ్లు కూడా పనిలో ఉన్నారు. మొత్తం గోడను ఎవరూ నెత్తికెత్తుకోలేదు. ఎవరి ముక్క వాళ్లది.

మన గదినీ అలాగే ముక్కలు చేసుకుందాం. రోజుకు పదిహేను నిమిషాలు. ఫోన్‌లో అలారం పెట్టుకుని, మోగగానే ఆపేయాలి. ఇంకా ఓపిక ఉన్నా సరే ఆపాలి. ఒక్కరోజు ఉత్సాహంతో అంతా కింద పోసుకుని, చీకటి పడ్డాక పడుకోవడానికి చోటు లేక మళ్లీ కుక్కేసినవాళ్లు ఇంకో ఏడాది ఆ పని జోలికి పోరు. మూడు సంచులు పక్కన పెట్టుకోండి. ఇవ్వాల్సినవి ఒకదాంట్లో, పాత సామాన్లవాడికి వేయాల్సినవి ఒకదాంట్లో, చెత్త ఆటోలో వేయాల్సినవి ఒకదాంట్లో. ఉంచుకునేవి వాటి చోటుకే వెళ్లాలి.

సోమవారం తలుపు దగ్గర. తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, అంతే ఆనాటి లక్ష్యం. జత లేని చెప్పులు, తెగిన గొడుగు, కొక్కేల మీద ఎవరూ తొడగని బట్టలు తీసేయండి. మొదటి రోజు తలుపుతోనే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. మర్నాడు లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. రెండో రోజుకు కావలసిన ధైర్యం దాన్నుంచే వస్తుంది.

మంగళవారం కూర్చునే చోటు. కుర్చీలు, బల్ల, టీవీ స్టాండు, కిటికీ గూడు. వీటి మీద ఉన్నవాటిలో చాలావరకు వేరేచోట ఉండాల్సినవే.

బుధవారం మంచం కింద. ఒకే ఒక్క పెట్టె బయటికి లాగండి. రెండో పెట్టె జోలికి పోవద్దు, దానికి వచ్చే బుధవారం ఉంది. పెట్టె అడుగున తుడిచి, ఉంచాల్సినవి పెట్టి, లోపల ఏమున్నాయో కాగితం మీద రాసి మూత మీద అంటించండి. ఇంతకాలం దాన్ని తెరవకపోవడానికి అందులో ఏముందో తెలియకపోవడమే కారణం.

గురువారం బట్టల బీరువాలో ఒక్క అర. తొడిగి ఏడాది దాటినవి, పిల్లలకు పొట్టివైనవి పక్కకు తీయండి. గురువారం అనడానికి పాతబస్తీ వాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు. పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్ జరిగే రోజు అదే. పాత సైకిల్ నుంచి తలుపు గడియ దాకా అక్కడ అమ్మకానికి వస్తాయి. మనకు పనికిరాని మిక్సీ మోటారుకు అక్కడ కొనేవాడుంటాడు. అంత దూరం వెళ్లలేనివాళ్లకు గల్లీలో కేకేసుకుంటూ వచ్చే పాత సామాన్ల బండి ఉంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే అమ్మలున్నారు. అయితే జాగ్రత్త! పది చీరలిచ్చి నాలుగు గిన్నెలు తెచ్చుకుంటే బీరువాలో ఖాళీ అయింది వంటగదిలో నిండుతుంది.

శుక్రవారం కాగితాలు. ఇక్కడ తొందరపడకూడదు. ఆధార్, రేషన్ కార్డులు, ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, బాప్తిస్మపు, వివాహపు పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, బీమా బాండ్లు, ఆసుపత్రి రిపోర్టులు... ఇవన్నీ ఒక్క ఫైల్లో, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో, నేలకు ఎత్తున. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. పెళ్లిపత్రికలు, పాత బిల్లులు, కరపత్రాలు పోవచ్చు. అయితే ఇంట్లో అందరినీ అడక్కుండా ఏ కాగితమూ చింపవద్దు.

శనివారం చిల్లర వస్తువులు. తేదీ దాటిన మాత్రలు, పనిచేయని చార్జర్లు, ఏ తాళానికీ సరిపోని తాళంచెవులు. అవయ్యాక గది ఊడ్చి, ఆ వారం నిండిన సంచులన్నీ గడప దాటించాలి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. సంచి కట్టి తలుపు వెనక పెడితే పని అయినట్టు కాదు. పక్షం రోజుల్లో ఎవరో ఒకరు విప్పి “ఇది బాగానే ఉందే” అని ఒక్కొక్కటే లోపలికి తెచ్చేస్తారు. టోబీయా సామాను మందిరం బయట పడ్డాకే గది శుభ్రమైంది.

ఆదివారం ఆ పని ముట్టుకోవద్దు. ఆరాధన నుంచి వచ్చి, ఖాళీ అయిన ఆ కాస్త చోట్లో అందరూ కలిసి కూర్చుని భోంచేయండి. రెండో వారం రెండో మూల. సజ్జ మాత్రం అన్నిటికన్నా ఆఖరున, ఇంట్లో ఇద్దరు ఉన్నప్పుడే. స్టూలెక్కి ఒంటరిగా బరువులు దించడం పెద్దవాళ్లకు ప్రమాదం.

ఇచ్చేటప్పుడు

రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను బోధించాడు (లూకా 3:11). గమనించండి, ఉన్న రెండిట్లో చిరిగినది ఇవ్వమని ఆయన అనలేదు. మన ఇళ్ల నుంచి అనాథాశ్రమాలకు వెళ్లే మూటల్లో ఏముంటుంది? గుండీలు ఊడినవి, రంగు పోయినవి, జిప్పు తెగినవి. వాటిని అక్కడివాళ్లు మళ్లీ పారవేయాల్సి వస్తుంది. అంటే మన చెత్తను వాళ్ల గదిలోకి మార్చామన్నమాట! ఇవ్వదలచినది ఉతికి, ఇస్త్రీ చేసి, తెగినది కుట్టి ఇద్దాం. మన బిడ్డకు తొడుగుతామా అన్నదే కొలత. తొడగలేనిది నేలగుడ్డలకు పనికొస్తుంది. ఇచ్చేముందు ఫోన్ చేసి వాళ్లకు ఏం కావాలో అడగడం ఇంకా మంచిది.

ఇంకో వైపు గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాటినీ చూసుకోవాలి. చార్మినార్ చుట్టూ తోపుడుబండ్లు, మదీనా, పత్తర్‌గట్టి బట్టల దుకాణాలు, పండుగ సీజన్ రాయితీలు, ఫోన్‌లో నొక్కితే ఇంటికొచ్చే పార్శిళ్లు. చవగ్గా వచ్చిందని కొన్నది గదిలో చోటును మాత్రం చవగ్గా తీసుకోదు. కొత్త చీర ఒకటి వస్తే పాత చీర ఒకటి బయటికి పోవాలి. ఈ ఒక్క నియమం ఇల్లంతా పాటిస్తే చాలు. పంట ఎక్కువైతే పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడు (లూకా 12) ఒక్క విషయం ఆలోచించలేదు. పక్కింటివాడి కొట్టు ఖాళీగా ఉందేమో! మనకు కొత్త బీరువా అవసరం అనిపించినప్పుడల్లా ఆ మనిషిని గుర్తు చేసుకోవడం మంచిది.

చేయి వెళ్లని పెట్టె

ఎంత సర్దినా ప్రతి ఇంట్లో ఒక పెట్టె దగ్గర చేయి ఆగిపోతుంది. పోయిన భర్త చొక్కాలు. అమ్మ కళ్లజోడు, ఆమె అంచులు నలిగిన బైబిలు. నడక రాకముందే దేవుని దగ్గరికి వెళ్లిపోయిన బిడ్డ ఊలు టోపీ. బయటివాళ్లకు అది ఒక పాత మూట. వాళ్లు “ఎన్నాళ్లుంచుతావమ్మా, తీసేయి” అంటారు. దయచేసి అలా అనవద్దు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ ఏం చూపించారు? ఆమె బతికుండగా తమకు కుట్టిపెట్టిన అంగీలను, వస్త్రాలను (అపొస్తలుల కార్యములు 9:39). అక్కడున్న ఎవరూ వాళ్లను వారించలేదు. పేతురూ వారించలేదు. మనిషి చేతి గుర్తు బట్టలో ఉంటుంది. దాన్ని పట్టుకుని ఏడవడం అవిశ్వాసం కాదు.

అందుకే ఈ పెట్టెను అన్నిటికన్నా చివర తెరవాలి. తొందరేం లేదు, ఏడాది తర్వాతైనా సరే. తెరిచే రోజున ఒంటరిగా కూర్చోవద్దు. అక్కనో, సంఘంలో నమ్మకమైన సహోదరినో తోడు పిలవండి. ఆ చొక్కాల్లో ఒకటి ఉంచుకోండి. ఏది ఉంచాలో మీరే ఎంచుకోండి. మిగతా వాటిని ఆయన ఎరిగినవాళ్లకు, ఆయన పేరు చెప్పి ఇవ్వండి. దొర్కా కుట్టిన బట్టలు పెట్టెలో లేవు, విధవరాళ్ల ఒంటి మీద ఉన్నాయి. అందుకే ఆమె సంగతి పేతురుకు చెప్పడానికి అన్ని నోళ్లున్నాయి. దాచుకోవడానికీ వదిలేయడానికీ కూడా వేళలున్నాయని ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం మనకు బోధిస్తుంది. ఆ వేళ వచ్చిందా లేదా అన్నది ఆ పెట్టె ఎవరిదో వాళ్లకే తెలుస్తుంది.

నాలుగు వస్తువుల గది

చివరగా ఒక గదిలోకి తొంగి చూద్దాం. షూనేములో ఒక స్త్రీ ఉండేది. అటుగా వెళ్లే దైవజనుడు ఎలీషాకు భోజనం పెట్టేది. ఒకరోజు భర్తతో ఆలోచించి, మేడ మీద ఆయన కోసం ఒక చిన్న గది కట్టించింది. అందులో ఏం పెట్టారో కూడా రాజులు రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలో రాసి ఉంది. ఒక మంచం. ఒక బల్ల. ఒక పీట. ఒక దీపస్తంభం. నాలుగే! ఆమె కలిగినదే, ఇంకా చాలా పెట్టగలిగేది. వచ్చే మనిషికి ఏం కావాలో ఆలోచించింది. పడుకోవాలి, తినాలి, కూర్చోవాలి, చీకట్లో చూడాలి. దానితో గది పూర్తయింది. అలసిపోయిన ఒక ప్రవక్తకు అది విడిదైంది. ఆ తర్వాత ఆమె చనిపోయిన కొడుకు మళ్లీ కళ్లు తెరిచింది ఆ గదిలోనే, ఆ మంచం మీదే.

మనలో చాలామందికి మేడ మీద ఇంకో గది కట్టే స్తోమత లేదు. ఉన్న గదిలోనే ఒక మనిషి కూర్చునేంత చోటు చేయగలం. సాలార్‌జంగ్ నివసించిన దివాన్ దేవిడీలో ఇప్పుడు పాత గుమ్మాలు, వాటి చుట్టూ బట్టల దుకాణాలే కనిపిస్తాయి. అంతటి భవనమే నిలవనప్పుడు మన సజ్జ మీది డబ్బాలు ఎన్నాళ్లుంటాయి? వాటికన్నా ముందే మన తలుపు తట్టి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. పక్కింటి ముసలమ్మ, పరీక్షలకు చదువుకోవడానికి చోటు లేని పిల్ల, ఎవరితోనైనా కాసేపు ప్రార్థించాలని వచ్చిన సహోదరి.

వాళ్ల కోసం ఈ సోమవారం తలుపు వెనక కొక్కేల దగ్గర మొదలుపెడదాం. పదిహేను నిమిషాలు చాలు.